నందినిలో రెండు డబ్బాలు

నందినికి నన్ను రప్పించింది మా మేనత్త ఫోను. "గనులు తర్వాత చూద్దువుగాని, ముందు మా ఇంట్లో వైఫై సంగతి చూడరా" అంది. భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి పంపే ఊరిది. కొలిమిలో ఖనిజపు మలినాన్ని చిట్టెంగా విడదీసేది ఆ రాయే. 1959లో భిలాయిలో తొలి కొలిమి వెలిగింది. అప్పటినుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళెందరో ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డారు. మామయ్య గనిలోనే పనిచేసి రిటైరయ్యాడు.

గనులు చూడనే లేదు. మధ్యాహ్నమంతా ఒక కుర్రాడి చేతులు చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో రెండు రౌటర్లు. ముందు గదిలో ఒకటి, వెనక గదికి సిగ్నల్ అందక కొన్నది మరొకటి. మామయ్య ఫోను వెనక గదిలో, ప్రింటరు ముందు గదిలో. పింఛను కాగితం ఫోనులోనే ఉండిపోయింది. "రెండూ ఎలుగుతున్నాయి అల్లుడూ, ఒకదాని మాట ఒకదానికి ఇనబడదు" అన్నాడు. దుకాణంలో అడిగితే రెండూ పక్కన పడేసి కొత్త సెట్టు కొనమన్నారట. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు పిలిచిన పక్క వీధి కుర్రాడు మూడో తరం తెలుగువాడు. మాట్లాడతాడు, చదవలేడు. రెండు రౌటర్లనూ కలిపే పాత తీగ తలుపు సందులో నలిగి ఉంది. కొత్త తీగ తొడుగు వొలిచి, ఎనిమిది పోగుల మెలిక విప్పి, వేళ్ళ మధ్య వరస పెట్టాడు: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం... కనెక్టరులో దూర్చి వెలుతురుకెత్తి చూశాడు. ఒక పోగు చివరంటా రాలేదు. నొక్కకుండా బయటికి లాగి, మళ్ళీ కత్తిరించి మొదలుపెట్టాడు.

"రెండో డబ్బా కూడా తనే ఇంటి పెద్దననుకుంటోంది తాతా" అన్నాడు. మొదటిది 192.168.1 వరసలో చిరునామాలు పంచుతుంటే, ఇది 192.168.0 వరసలో వేరుకాపురం పెట్టింది. రెండోదానిలో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేశాడు. దానికి 192.168.1.2 చిరునామా ఇచ్చి, మొదటిది ఆ అంకె ఇంకెవరికీ ఇవ్వకుండా పంపకాన్ని 100 నుంచి మొదలెట్టించాడు. తీగను రెండోదాని వాన్ పోర్టులో (బయటి నెట్టుకు పెట్టేది) కాక లాన్ పోర్టులో (ఇంటి పరికరాలకు పెట్టేది) పెట్టాడు. రెంటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కపక్క ఛానళ్ళు ఒకదాని మీద ఒకటి పడతాయి కనక ఒకదానికి 1, మరోదానికి 11.

గనిలో యంత్రం ఆగితే ముందు విప్పి చూసేవాళ్ళమని మామయ్య అన్నాడు. ఆ అలవాటే ఇళ్ళలోంచి పోతోంది. పాడవని వస్తువును పనికిరాదని చెప్పి కొత్తది అంటగట్టడం నా లెక్కలో మోసమే. ఆ మోసం సాగేది ఇలాంటి చేతుల్ని మనం పిలవకపోబట్టే.

సాయంత్రానికి వెనక గదిలో మామయ్య ఫోను నొక్కితే ముందు గదిలో కాగితం వచ్చింది. కుర్రాడు తీగ డబ్బులే అడిగాడు. పని డబ్బులు అత్త బలవంతాన జేబులో పెట్టింది.

అటకెక్కించిన పాత రౌటరు మీ ఇంట్లో ఉంటే కిందికి దించండి. కొత్తది కొనేముందు అలాంటి కుర్రాణ్ణి ఒకసారి పిలవండి, పనికి కూలి ఇవ్వండి.