మేడ మీది తలుపు

మెదక్,
2024 డిసెంబర్ 26

అమ్మా,

నిన్న ఫోన్‌లో నీ మాట సరిగ్గా వినబడలేదు. చర్చి ఆవరణ నిండా జనం, మైకులు. ఈ మందిరాన్ని 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. నిన్నటికి సరిగ్గా నూరేళ్ళు. 175 అడుగుల గోపురం పొలాల మీదుగా చాలా దూరం నుంచే కనబడుతుంది.

రంగుల కిటికీల గురించి ఎంత విన్నానో! చీకటి పడ్డాక లోపలికి వెళ్తే మూడు కిటికీలూ నల్ల పలకల్లా ఉన్నాయి. మనసు చిన్నబోయింది. పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. సిలువ దృశ్యం ఉన్న కిటికీకి దగ్గర్లో ఒక అవ్వ నేల మీద కూర్చుని ఉంది. ఎరుపు, నీలం వచ్చి ఆమె తెల్లచీర మీద పడ్డాయి. ఆమె కాస్త జరిగితే ఎరుపు భుజం మీంచి మోకాలి మీదికి జారింది. ఆమె అది చూసుకోలేదు, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర ఈ కట్టడం పని పెట్టి, పనికి వచ్చినవాళ్ళకు తిండి దొరికేలా చేశాడని ఇక్కడ అందరూ చెబుతారు. నువ్వైతే వెంటనే అడుగుతావు: "పని చేయించుకుని పెడితే అది కూలి. కృప ఎలా అవుతుంది?" ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని రేపు బయల్దేరుతున్నాను.

విజయవాడ,
డిసెంబర్ 28

అమ్మా,

సింగ్‌నగర్‌లో నా స్నేహితురాలి ఇంట్లో దిగాను. వరద వచ్చి నాలుగు నెలలవుతోంది. క్రిస్మస్‌కు ముందు గదికి రెండుసార్లు రంగు వేయించారట. అయినా గోడ మీద, స్విచ్ బోర్డు కంటే జానెడు పైన, మట్టి గీత మళ్ళీ పైకి తేలింది. చేత్తో తడిమి చూశాను. ఆ గీత కింద గోడ ఇప్పటికీ చల్లగా ఉంది.

సెప్టెంబర్ 1, ఆదివారం. ఆరాధనకు తయారవుతున్నారట. బుడమేరు వాగు కట్టకు గండ్లు పడి, వాకిట్లో నీళ్ళు కాసేపట్లోనే మంచం ఎత్తుకు వచ్చేశాయి. పక్షవాతంతో ఉన్న వాళ్ళ నాన్నగారిని ఎలా కదపాలో తెలియక ఏడుస్తుంటే, మేడ మీది ఇంటాయన తలుపు తీసి, కొడుకుతో కలిసి దిగివచ్చాడు. ఈ రెండు ఇళ్ళ మధ్యా రెండేళ్ళుగా మాటల్లేవు. పైవాళ్ళ ట్యాంకు పొంగి కింద వాకిట్లో పడుతోందని మొదలైన గొడవ, పెద్దమనుషుల దాకా వెళ్ళింది. ఆ రోజు మాత్రం ఆయన నడుం లోతు నీళ్ళలో నిలబడి "కుర్చీ తీసుకురండమ్మా" అన్నాడట. ముసలాయన్ని కుర్చీతో సహా ఎత్తుకుని మెట్లెక్కారు.

ఎనిమిది రోజులు. రెండు గదులు, పదకొండు మంది, ఒకే ఒక్క గ్యాస్ బండ. కరెంటు లేదు. రోజుకు ఒక్కసారి పప్పుచారు, అన్నం. డ్రోన్లు డాబా మీద వదిలిన పొట్లాలు ముందు పిల్లలకి, తర్వాత ముసలాయనకి. 7న వినాయక చవితి వచ్చింది. పైవాళ్ళు పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేసుకుని పూజ చేసుకున్నారు. ఆ గదిలోనే, ఆ సాయంత్రమే, వీళ్ళు మోకాళ్ళూని ప్రార్థన చేసుకుంటుంటే ఆ ఇల్లాలు పిల్లల్ని గోల చేయకుండా పక్కకు తీసుకెళ్ళి కూర్చోబెట్టిందట.

కింది అంతస్తు ఇళ్ళకు ప్రభుత్వం 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్ళకు 10,000 ప్రకటించింది. ఆ సంగతి చెబుతూ నా స్నేహితురాలు ఆగిపోయింది. కాసేపటికి ఇలా అంది: "డబ్బు వచ్చింది, ఖర్చయింది. ఆయన మెట్లు దిగి వచ్చాడే, దానికి నేనేం కట్టగలను? మేం క్షమించమని కూడా అడగలేదు. ఆయన అడిగించుకోలేదు."

ప్రతి ఆదివారం పాటల్లో "కృప, కృప" అంటూ పాడతాం కదమ్మా. ఆ మాటకు అర్థం నాకు ఆ మెట్ల మీద నిలబడ్డప్పుడు తెలిసింది. పైవాళ్ళు మన సంఘం వాళ్ళు కారు. ఆ కృప ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకు సందేహం లేదు.

ఒంగోలు,
డిసెంబర్ 30

అమ్మా,

మెదక్ నుంచి వెంటబెట్టుకొచ్చిన నీ ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికింది. 1876–78 కరువులో ఇక్కడి మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చి కూలి చెల్లించాడు. బిచ్చమెత్తుకున్నామనే బాధ వాళ్ళకు లేకుండా చేశాడు. అయితే కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మం అడిగితే ఇవ్వలేదు. కూడు కోసం వచ్చి విశ్వాసమని చెప్పకూడదని, కూడు చూపించి మనం ఆత్మల్ని కొనకూడదని ఆయన పట్టుదల. పనులు ముగిశాక కూడా జనం వెనక్కి తగ్గలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది, ఊరు తన గడప తొక్కనివ్వని మాదిగలు.

కాబట్టి నువ్వన్నది నిజమే. కూలి కూలే, కృప కృపే. ఆ రెండింటినీ కలిపి బేరం చేయనందుకే ఆయన మీద నాకు ఇంత గౌరవం.

ఒక మాట చెబుతాను, కోప్పడకు. "మావయ్య ముందు వచ్చి తప్పు ఒప్పుకోవాలి, అప్పుడు మాట్లాడతాను" అని ఆరేళ్ళుగా అంటున్నావు. తాతయ్య పొలం గట్టు విషయంలో తప్పు మావయ్యదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ సింగ్‌నగర్‌లో తలుపు తీసినాయన ట్యాంకు లెక్క తేల్చాక దిగిరాలేదు. మావయ్యకు కళ్ళు సరిగ్గా కనబడటం లేదని అత్తయ్య నాకు చెప్పింది. నీకు చెప్పవద్దంది, చెబుతున్నాను.

నా ఉత్తరాలన్నీ బైబిల్లో దాచుకుంటావుగా, ఇది కూడా దాచుకో. దాచుకునే ముందు మావయ్యకు ఫోన్ చెయ్యమ్మా. నంబరు పాతదే.

నీ కూతురు