అరకు చలికి కట్టే మూట



క్రిస్మస్ ఆరాధనలు ముగిసి, నూతన సంవత్సరపు కూడిక గడిచి, సంక్రాంతి సెలవులు దగ్గర పడేసరికి మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు సంఘాలలో ఒక ప్రశ్న పుడుతుంది. "అయ్యగారూ, ఈయేడు అరకు ఎల్దామా?" మొదట యౌవనస్థులు అడుగుతారు. ఆ తరువాత స్త్రీల సమాజము వారు అడుగుతారు. చివరకు, చలికి మోకాళ్ళు పట్టేస్తాయని ప్రతి సంవత్సరము చెప్పే పెద్దలు కూడ రగ్గు సర్దుకుంటారు. మేమును అలాగే వెళ్ళి వస్తున్నాము.

ఆ రోజులలో అరకులో గది దొరకడము కష్టము. దొరికినను దాని అద్దె కౌలు రైతు కుటుంబము భరించగలిగినది కాదు. గనుక అక్కడి సంఘస్థులను ముందుగా అడిగి, వారి మందిరపు వసారాలోనో, ఖాళీగా ఉన్న హాలులోనో రెండు రాత్రులు తలదాచుకుంటాము. వంట మాదే, పడక మాదే. కాబట్టి ఇల్లంతా బండి మీదికి ఎక్కుతుంది. ఈ వ్యాసము అరకు అందమును గూర్చి కాదు. ఆ అందము చూడబోయే బండి పైన మనము ఏమి కడుతున్నాము, ఎలా కడుతున్నాము అనే సంగతిని గూర్చి.

నలభై మంది బయలుదేరారనుకోండి. మూడు తుఫాను బండ్లు, ఒక్కొక్క దానిలో డ్రైవరు కాక పన్నెండు పదముగ్గురు. క్యారియరు మీదికి ఎక్కే సామాను చూడండి. బియ్యము బస్తా, రెండు పెద్ద డేగిసాలు, గంగాళము, గరిటెలు, గ్యాసు బండ, పొయ్యి, నీళ్ళ క్యానులు, నలభై రగ్గులు, మైకు సెట్టు, దాని బాకా, డోలక్, షామియానా గుడ్డ. అన్నిటికంటె తంటా తెచ్చేవి షామియానా గుంజలు. పది అడుగుల పొడవు. బండి లోపల పట్టవు, పైన పెడితే ముందుకో వెనుకకో పొడుచుకు వస్తాయి.

పొడవాటి సామాను తంటా మనకొక్కరికే కాదు. పూర్వము శ్రీకాకుళం, బొబ్బిలి, పాలకొండ ప్రాంతాలకు వచ్చి పని చేసిన బాప్టిస్టు మిషనరీల దేశము కెనడా. అక్కడ చలికాలమంటే మోకాలి లోతు మంచు. ఆ మంచు మీద జారుటకు కాళ్ళకు కట్టుకొనే పొడవాటి పలకలను స్కీలు అంటారు. అవి ఇంచుమించు మనిషి ఎత్తు ఉంటాయి. వాటితో కూడ చేతి కర్రలు, రాయివలె గట్టిగా ఉండే బూట్లు. పడకయు పొయ్యియు లోపలే ఉన్న చిన్న బండ్లలో కుటుంబాలు కొండలకు పోయి, ఆ బండ్లలోనే నిద్రిస్తాయి. మన దేశములో గుల్మార్గు, ఔలి కొండలకు కూడ ఇట్టి ఆట ఆడేవారు స్కీలు మోసుకొని పోతారు. వారికి వచ్చే చిక్కులును ఇవే. స్కీలు లోపల పెడితే వాటికి అంటిన మంచు కరిగి పక్క తడుస్తుంది. పైన కడితే గాలి పట్టి లాగుతుంది, బండి ఎత్తు పెరుగుతుంది. వెనుక పెట్టెలో పెడితే వెనుక చక్రముల మీద బరువు పడి ముందు చక్రములు తేలికవుతాయి. మంచు లేని మన కొండల మీద గుంజలకును డేగిసాలకును లెక్క ఇదే.

శ్రీకాకుళం నుండి విజయనగరానికి సుమారు 70 కిలోమీటర్లు, అక్కడి నుండి శృంగవరపుకోటకు సుమారు 40. ఇంతవరకు బండి మీద ఏమి కట్టినా చెల్లిపోతుంది, రోడ్డు చదునుగా ఉంటుంది గనుక. ఎస్.కోట దాటి బొడ్డవర వెళ్ళాక కొండ మొదలు. కాశీపట్నం, టైడా, డుముకు, అనంతగిరి, సుంకరిమెట్ట మీదుగా అరకు చేరాలి. విజయనగరము సముద్ర మట్టానికి వంద మీటర్ల ఎత్తు కూడ లేదు. అరకు 900 మీటర్లకు పైన. మధ్యలో గాలికొండ దగ్గర రోడ్డు అంతకంటె ఎత్తుకు ఎక్కి మరల దిగుతుంది. అంటే సామానుకు ఎక్కుడును దిగుడును రెండూ ఉన్నాయి. వంపు మీద వంపు, ఒక వైపు కొండ, మరియొక వైపు లోయ. తెల్లవారు జామున పొగమంచు దిగితే ముందు బండి ఎర్ర దీపము తప్ప మరేమియు కనబడదు.

మా ప్రయాణాలలో ఒక డ్రైవరు బండి ఎక్కే ముందు చుట్టూ తిరిగి చూసి, గుంజల మీద డేగిసాలు, వాటి మీద బియ్యము బస్తా పేర్చి ఉండడము గమనించి కదలనన్నాడు. "అయ్యగారూ, ఇది మేడ కాదండి బాబూ, బండి. మీదెట్టిందల్లా వొంపుకాడ మనల్నే లాగేస్తాది" అన్నాడు. సామాను కట్టిన కుర్రవాళ్ళకు కోపము వచ్చింది. ఒకాయన గడియారము చూపించాడు. అతడు మాత్రము తాడు విప్పించి, బస్తాను లోపల నడిమి సీటు కాళ్ళ దగ్గరకు దించి, మరల కట్టించి, అప్పుడు గాని తాళము తిప్పలేదు. అరగంట ఆలస్యమైనది. ఆ అరగంట నిమిత్తము అతనికి మేము కృతజ్ఞులము.

అతడు చెప్పినదే శాస్త్రము కూడ. బరువు ఎంత ఎత్తున ఉంటే బండి అంత సులువుగా ఒరుగుతుంది. తలమీద నిండు కుండ పెట్టుకొని గట్టు మీద మలుపు తిరిగే ఆడబిడ్డను అడగండి, చంకన ఉన్న బిందెకును తలమీది కుండకును తేడా ఆమె చెప్పగలదు. కాబట్టి బరువైనవి కింద, సీట్ల మధ్య, వీలైనంతవరకు ముందు వెనుక చక్రముల నడుమ ఉండాలి. పైకి పోవలసినవి తేలికైనవి మాత్రమే: రగ్గులు, గుడ్డ, చాపలు. ఒక్క రగ్గు కిలోన్నర అనుకుంటే నలభై రగ్గులకు 60 కిలోలు. మూడు బండ్ల మీద పంచితే ఒక్కొక్క దానికి 20. అది భరించవచ్చును. బండితో వచ్చే పుస్తకములో పైకప్పు ఎన్ని కిలోలు మోయగలదో రాసి ఉంటుంది. దానిని చదివిన వారు మన ఊళ్ళలో తక్కువ. చదివి చూడండి, ఆశ్చర్యపోతారు.

అన్నిటికంటె బరువైన సామాను ఒకటి ఉన్నది. దానిని మనము సామానుగా లెక్కించము. లోపల చోటు చాలక క్యారియరు మీదికి ఎక్కే కుర్రవాళ్ళు. చలిగాలి తగులుతుందని, ఫోటోలు బాగా వస్తాయని వారికి సరదా. 1988 నాటి మోటారు వాహనాల చట్టము 123వ సెక్షను బండి పైన మనిషి కూర్చోకూడదని చెబుతున్నది. చట్టము సంగతి అలా ఉంచండి. 50 కిలోల పిల్లలు నలుగురు పైన కూర్చుంటే 200 కిలోలు. అది కట్టిన బరువు కాదు, వంపు తిరిగినప్పుడల్లా అటు ఇటు జరిగే బరువు. పైన చెట్టు కొమ్మ ఉండనే ఉన్నది. 2021 ఫిబ్రవరిలో అరకు చూసి తిరిగి వెళ్తున్న ఒక టూరిస్టు బస్సు డుముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు, వారిలో ఒక పసిబిడ్డ ఉన్నది. వారందరు లోపల కూర్చున్నవారే. ఆ మలుపు దాటేటప్పుడు మా బండ్లలో పాటలు ఆగిపోతాయి. ఎవరును ఆపమని చెప్పరు.

ఇక కట్టే పద్ధతి. ఈ విషయములో మన సాలూరు వారి దగ్గర నేర్చుకోవాలి. సాలూరు లారీల ఊరు. విజయనగరం నుండి సాలూరు మీదుగా సుంకి, పొట్టంగి దాటి కోరాపుట్ వెళ్ళే రోడ్డు, ఇప్పుడు 26వ నెంబరు జాతీయ రహదారి, ఆ ఊరి వారికి పెరటి దారి వంటిది. అక్కడ లారీ క్లీనరు తాడు బిగించిన తరువాత ఏమి చేస్తాడో చూడండి. తాడును చేతితో వీణ తీగవలె మీటుతాడు. మోగితే సరి, ఊగితే మరల విప్పుతాడు. పది కిలోమీటర్లు పోయాక ఆపి మరల మీటుతాడు. నైలాను తాడు బరువుకు సాగుతుంది, కుదుపులకు సామాను సర్దుకుని కూర్చుంటుంది. ఇంటి దగ్గర బిగించిన ముడి గంటలో వదులవుతుంది. మేము ఎస్.కోటలో టీకి ఆగినప్పుడు మొదట తాళ్ళు చూసి, పిమ్మట గ్లాసు అందుకుంటాము.

గుంజలు బండి పొడవునే పడుకోవాలి, అడ్డముగా కాదు. అడ్డముగా పెడితే ఎదురు బస్సు తప్పుకొనే చోట అవి ముందుగా పలుకరిస్తాయి. ముందు ఒక చోట, వెనుక ఒక చోట, విడివిడిగా రెండు తాళ్ళు. ఒకటి తెగినా రెండవది పట్టుకుంటుంది. అద్దము మీదికి పొడుచుకు రాకూడదు. వెనుక మిగిలిన కొసకు ఎర్ర గుడ్డ కట్టాలి. అన్నీ కట్టాక బండి ఎత్తు నేల నుండి ఎన్ని అడుగులో కొలిచి డ్రైవరుకు చెప్పండి. రైలు వంతెనల కింద ఇనుప అడ్డు ఉన్న చోట ఈ అంకె పనికి వస్తుంది.

తడి సంగతి మన మైదానపు వారికి తట్టదు. వాన లేదు గదా అనుకుంటారు. జనవరి తెల్లవారు జామున ఘాటు మీద పొగమంచులో రెండు గంటలు ప్రయాణము చేసిన రగ్గు, చేరేసరికి పిండితే నీళ్ళు వచ్చేలా ఉంటుంది. ఆ రాత్రి చలి ఒంటి అంకెలకు దిగవచ్చును. తడి రగ్గు కప్పుకొనే బదులు ఏమియు కప్పుకోకపోవడము నయము. రగ్గులను మొదట పాలిథిన్ సంచులలో మూతి బిగించి, ఆపైన టార్పాలిన్ కప్పి, దాని అంచులు మూటల కిందికి మడవాలి. పైన కప్పి వదిలేస్తే గాలి దూరి తెరచాపవలె ఎగురుతుంది. పసిపిల్లల బట్టలు, ముసలివారి కంబళ్ళు, మందులు మాత్రము లోపలే. అరటిపండ్ల గెల పైన కట్టవద్దు. బొర్రా గుహల దగ్గర బండి నిలిపి లోపలికి వెళ్ళి వచ్చేలోగా కోతులు ఆ గెల పని, టార్పాలిన్ పని కలిపి చూస్తాయి.

గ్యాసు బండను గూర్చి గట్టిగానే చెబుతాము. ఇంటి బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది, ఇనుముతో కలిపి 30 కిలోల చేరువ. మనుషులు కూర్చున్న మూసిన బండిలో దానిని పెట్టకూడదు, ఎండలో క్యారియరు మీద దొర్లనివ్వకూడదు. మరి వంట ఎలా? అక్కడి సంఘపు పెద్దలకు ముందుగా కబురు పెడితే పొయ్యియు పెద్ద పాత్రలును అద్దెకు మాట్లాడి పెడతారు. నీళ్ళ క్యాను ఒక్కటి 20 కిలోలు. నీళ్ళు కొండ మీద కూడ ఉన్నాయి, కాచుకొని త్రాగవచ్చును. బియ్యము లెక్క వేయండి: నలభై మందికి నాలుగు పూటలు, మనిషికి పూటకు 150 గ్రాములు, మొత్తము 24 కిలోలు. ఒక్క బస్తా చాలు, రెండవది ఎందుకు? "ఉంటే ఉంటాది గదండీ" అంటారు పెద్దలు. ఆ 'ఉంటే ఉంటాది' అనే మాట క్యారియరు మీద ఎంత బరువో తూచే కాటా లేదు. షామియానా కూడ అంతే. వసారా ఉన్న చోటికి గుంజలు ఎందుకని రెండేండ్లు వాదించి, మూడవ యేట మాన్పించగలిగాము.

సామాను తగ్గినా మనుషులు ఎక్కువైతే మరియొక దారి ఉన్నది. విశాఖపట్నం నుండి కిరండూల్ వెళ్ళే రైలు కొత్తవలస మీదుగా ఎస్.కోటలో ఆగి అరకు పోతుంది. కొత్తవలస, కిరండూల్ మధ్య ఈ మార్గము 1960లలో వేసినది, 58 సొరంగములు. దారిలో శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. పెద్దలును పిల్లల తల్లులును రైలులో, సామానుతో కొద్దిమంది బండిలో. సొరంగము వచ్చినప్పుడల్లా పిల్లలు వేసే కేకలకు చెవులు దిబ్బెళ్ళు పడతాయి గాని, లోయ వైపు చూసి గుండె పట్టుకొనే పని ఉండదు.

తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష. తిన్న బియ్యము బరువు తగ్గినదని అందరు సంతోషిస్తారు. ఈలోగా వారపు సంతకు వెళ్ళిన స్త్రీలు పసుపు కొమ్ములు, అల్లము, రాజ్‌మా గింజలు, గుమ్మడికాయలు, కాఫీ పొడి మూటలు మూటలుగా తెస్తారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత చుట్టాలందరికీ తలా ఒక పొట్లము కావాలి. తెచ్చిన దానికంటె తీసుకుపోయేది ఎక్కువ. ఈ ఎక్కువ బరువుతో దిగవలసినది కూడ అదే ఘాటు. దిగేటప్పుడు బండిని బరువే తోస్తుంది, బ్రేకు పట్టుకోవాలి. బ్రేకునే నమ్ముకొని దిగితే అది కాగి, మాడిన వాసన వచ్చి, పట్టు వదలుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెబుతారు. గనుక గుమ్మడికాయలు పైకి వద్దని స్త్రీల సమాజము వారితో ఇప్పుడు ముందే మాట. తలా ఒకటి, అది కూడ ఎవరి కాళ్ళ దగ్గర వారికి.

వెలుగు ఉండగానే దిగిపోవాలని మధ్యాహ్నము రెండు గంటలకే బయలుదేరుతాము. చలిమంట దగ్గర ఇంకొక్క గంట అని కుర్రవాళ్ళు బ్రతిమాలుతారు, వినము. ఎస్.కోట చేరాక డ్రైవరు బండి ఆపి, నాలుగు చక్రముల దగ్గర చెయ్యి చాచి వేడి చూసుకుంటాడు. అవి చల్లారే వరకు అందరికీ టీ. ఎవరి గుమ్మడికాయ ఎవరిదన్న తగవు సామాన్యముగా అక్కడే మొదలవుతుంది.