ఊరు మారినవాని పరపతి

తెలుగు భాషలో ‘పరపతి’ అనే మాటకు రెండర్థాలున్నవి. నలుగురిలో మనిషికి ఉండే పలుకుబడి మొదటిది. అడిగినచోట అప్పు పుట్టగల యోగ్యత రెండవది. సహకార పరపతి సంఘాల పేరులో ఉన్నది ఈ రెండవ అర్థమే. ఒకే మాటలో ఈ రెండూ ఇమడడం వింత కాదు. ఒకప్పుడు పలుకుబడి గలవానికే అప్పు పుట్టేది; అప్పు సకాలంలో తీర్చినవానికే పలుకుబడి నిలిచేది. రెండూ ఒకే ఊరిలో, అవే మనుషుల నోట ఉండేవి. కాని మనిషి దూరప్రాంతానికి తరలిపోయినప్పుడు ఈ రెండర్థాలు విడిపోతాయి. పలుకుబడి పాత ఊరిలోనే ఉండిపోతుంది. అప్పుల చరిత్ర మాత్రం మనకంటె ముందుగా కొత్త ఊరికి చేరుతుంది. ఇల్లు కొనబోయిన సందర్భంలో నాకు తెలిసివచ్చిన ఈ సంగతిని విద్యార్థిమిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. రేపు ఉద్యోగరీత్యా దేశం నలుమూలలకు వెళ్ళవలసినవారు మీరే గదా!

నేను పుట్టి పెరిగినది ఆదోనిలో. ఎం.ఏ. అనంతరం ఆ ప్రాంతంలోనే ఒక ప్రైవేటు కళాశాలలో కొన్నేళ్ళు తెలుగు బోధించి, 2023 లో ఇక్కడికి వచ్చాను. పత్తి మార్కెట్టుకు పేరుపడిన ఊరినుండి పత్తి, మిరప పండే మెట్టసీమకు వచ్చినందున నేల కొత్తగా తోచలేదు. తరతరాలుగా కృష్ణాజిల్లా మెట్ట అనిపించుకొన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది. నా శ్రీమతికి జగ్గయ్యపేటలో ఉపాధ్యాయినిగా ఉద్యోగం దొరకగా నందిగామలో అద్దె ఇల్లు తీసికొన్నాము. నాన్నగారు గతించిన తరువాత అమ్మ ఆదోనిలో ఒంటరిగా ఉండేది. రమ్మని పిలిచినప్పుడల్లా, “అద్దె ఇంటివాళ్ళు ఖాళీ చేయమన్నప్పుడల్లా సామాను మోసుకొని తిరిగే ఓపిక నాకు లేదు బేటా. మీకంటూ ఒక గూడు ఏర్పడిన నాడు వస్తాను” అనేది.

2025 ఆరంభంలో నందిగామలోనే రెండు గదుల చిన్న ఇల్లు ఒకటి ఇరవైనాలుగు లక్షలకు బేరం కుదిరింది. లక్షన్నర బయానా ఇచ్చి మూడునెలల గడువుతో అగ్రిమెంటు వ్రాసుకొన్నాము. అమ్మేవారు వృద్ధులైన రైతు. “మీరు మంచివారని తెలుసు మాస్టారూ. కాని నాకూ అవసరం ఉంది. గడువు దాటితే బయానా తిరిగి రాదు, ముందే చెబుతున్నా” అన్నారు. అందులో అన్యాయమేమీ లేదు. ఇరవై లక్షలు గృహఋణంగా లభిస్తుందన్న ధీమాతో ఒక బ్యాంకుకు దరఖాస్తు పెట్టాను. వారం తిరగకముందే సమాధానం వచ్చింది: “సిబిల్ తక్కువగా ఉంది మాస్టారూ, రాదు.” నా అంకె 641.

ఈ అంకె ఎక్కడిదో తెలిసికోవడం అవసరం. అప్పులు తీసికొన్నవారి వివరాలను ఒకచోట చేర్చే సంస్థగా సిబిల్ 2000 సంవత్సరంలో ఏర్పడింది. ఇటువంటి సంస్థలకై 2005 లో ప్రత్యేక చట్టం వచ్చింది. నేడు దేశంలో ఇవి నాలుగున్నవి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తమ ఖాతాదారుల చెల్లింపుల వివరాలను వీటికి పంపుతాయి. వాటినిబట్టి 300 నుండి 900 లోపు ఒక అంకె తయారవుతుంది. 750 దాటినవారిని ఋణసంస్థలు ఆదరంగా చూస్తాయి. అయితే గృహఋణానికి ఇంత అంకె ఉండితీరాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా నిర్ణయించలేదు. ఆ గీత ఎవరికి వారు గీసుకొన్నదే. తిరస్కరించినప్పుడు ముఖ్యకారణాన్ని లిఖితపూర్వకంగా తెలుపవలసిన బాధ్యత కూడ ఋణసంస్థలకున్నది. నేను ఆ కాగితం అడిగి తీసికొన్నాను.

పూర్తి నివేదికను ఈ నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాలి. తెప్పించి చూడగా అందులో రెండు మచ్చలు కనిపించాయి. ఒకటి నిజమైనది, రెండవది నాది కానిది.

మొదటిదాని కథ ఇది. 2021 లో నాన్నగారి వైద్యానికై వ్యక్తిగత ఋణం తీసికొన్నాను. 2022 లో నేను పనిచేసే కళాశాల మూడునెలలపాటు జీతాలివ్వలేదు. రెండు కిస్తీలు నలభైరోజులకు పైగా ఆలస్యమయ్యాయి. ఆపైన ప్రతి కిస్తీ సకాలంలో కట్టి 2024 లో అప్పు పూర్తిగా తీర్చివేశాను. నివేదికలో నెలనెలకు ఒక గడి ఉంటుంది. ఎన్ని రోజులు ఆలస్యమైనదో ఆ గడిలో వ్రాస్తారు. ఎందుకు ఆలస్యమైనదో వ్రాసే గడి మాత్రం అక్కడ కనిపించలేదు.

రెండవది ఏనాడూ నేను అడుగుపెట్టని ఊరిలో తీసికొన్న మోటారుసైకిలు అప్పు. ఆరు కిస్తీలు బాకీ! ఇది నా లెక్కలో ఎట్లా చేరిందో ఆలోచించగా కారణం ఊహకందింది. మా సముదాయంలో ఒకే పేరుగలవారు ఎందరో ఉంటారు. ‘షేక్’ అనే మాట ఒక కాగితంలో ఇంటిపేరు, మరొకదానిలో పేరులో భాగం, వేరొకదానిలో వట్టి పొడి అక్షరాలు. ఇంగ్లీషులో దాని వర్ణక్రమమే నాలుగు విధాలు. ‘బాషా’ చివర దీర్ఘం ఒకచోట ఉంటే మరొకచోట ఉండదు. ఇది చాలదన్నట్లు, బడిలో చేర్చేనాడు పుట్టినతేదీ తెలియక పంతులుగారు జూలై 1 వేసిన పిల్లలు మా తరంలో కోకొల్లలు, వారిలో నేనొకడిని. పేరు కలిసి, తేదీ కలిసేసరికి ఎవరో అపరిచితుని బాకీ నా తలపై పడింది. ఆదోనిలో అయితే ఏ దుకాణదారుడూ మమ్మల్నిద్దరినీ ఒకరుగా పొరబడడు. నన్నెరిగిన మనుషులున్నంతవరకు పేరులోని అయోమయం బాధించదు. ఎరిగినవారు లేనిచోట ఆ అక్షరాలే మనిషి అవుతాయి.

జగ్గయ్యపేట మిత్రులకు ఇక్కడ ఒక విషయం గుర్తుచేయాలి. బేతవోలు అనే ఊరికి వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరిట జగ్గయ్యపేట అని పేరుపెట్టడం అందరెరిగినదే. దానికి ఎన్నో శతాబ్దాలకు ముందే ఇక్కడ బౌద్ధస్తూపం వెలసింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనాసంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడ ఐదు ఆయక స్తంభాలు నిలిపి శాసనం చెక్కించాడు. అందులో తన తండ్రి ఎవరో, తన స్వగ్రామమేదో, ఇప్పుడు నివసిస్తున్న గ్రామమేదో విడివిడిగా చెప్పుకొన్నాడు. తల్లి, భార్య, బిడ్డల పేర్లు చేర్చాడు. మూడవ శతాబ్దినాటికే ఊరు మారినవానికి రెండు చిరునామాలు వ్రాసుకొనే అవసరం కలిగిందన్నమాట! బ్యాంకు ఫారంలో ‘స్థిర నివాసం’, ‘ప్రస్తుత నివాసం’ అన్న గడులు నింపుతున్నప్పుడల్లా నాకు ఆ శిల్పి జ్ఞాపకం వచ్చేవాడు. అయితే ఒక భేదం ఉన్నది. తనను గూర్చిన వివరాలను అతడు తానే దగ్గర నిలిచి చెక్కించుకొన్నాడు. మనల్ని గూర్చిన వ్రాత మనకు తెలియకుండానే సాగుతున్నది.

ఖురానులో అన్నిటికంటె దీర్ఘమైన ఆయతు అప్పుపత్రాన్ని గూర్చినదని తెలిస్తే కొందరు ఆశ్చర్యపడవచ్చు. రెండవ సూరాలోని 282వ ఆయతు అది. గడువుపెట్టి అప్పు చేసినప్పుడు దానిని వ్రాసిపెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా విసుగుకోరాదని, లేఖకుడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులుండాలని దాని సారాంశం. అందులో నన్ను ఆలోచింపజేసిన అంశం మరొకటున్నది: వ్రాయవలసినదేమిటో చెప్పే బాధ్యతను అప్పు తీసికొన్నవానికి ఒప్పగించడం. వ్రాత బలవంతుని చేతిలో ఉండేనాడు బలహీనుని నోటిమాటకు చోటు కల్పించే ఏర్పాటది. దానికి కొంచెం ముందున్న 280వ ఆయతు ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి కలిమి కలిగేవరకు గడువు ఈయమంటుంది. వ్రాతలో కచ్చితత్వం, వసూలులో దయ పక్కపక్కనే ఉన్నవి. నేటి నివేదికలలో మొదటిది కొంత ఉన్నది. రెండవదానిని మనుషులే పూరించాలి.

వడ్డీ విషయమై మా పెద్దలకు గల సంకోచం నాకూ లేకపోలేదు. ఆ ధర్మనిర్ణయం పండితులది. ఈ వ్యాసంలో దాని జోలికి పోను.

ఇక దిద్దుబాటు ప్రయత్నం. అంకె తక్కువని తెలియగానే ఒక ఏజెంటు తారసపడి, పదిహేను వేలిస్తే మచ్చలన్నీ తుడిపించి పెడతానన్నాడు. నిజమైన మచ్చను ఎవరూ తుడవలేరు. నిజం కానిదానిని తుడిపించడానికి రుసుము అక్కరలేదు. నేను సిబిల్‌కు ఉచితంగానే ఫిర్యాదు దాఖలు చేసి, నా పాన్ సంఖ్య, సంతకం, ఆనాటి నా ఉద్యోగపు రుజువు జతచేసి, ఆ ఫైనాన్సు సంస్థకు కూడ ఒక ప్రతి పంపాను. ఋణసంస్థ ఒప్పుకొంటే తప్ప సిబిల్ తనంత తానుగా వివరం మార్చదు. అయితే ఫిర్యాదును 30 రోజులలో పరిష్కరించాలని నియమం ఉన్నది. ఆలస్యమైన ప్రతిరోజుకు నూరు రూపాయల పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. అది 2024 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. ఇరవైఏడవ రోజున ఆ బాకీ నా లెక్కనుండి తొలగింది. నా అంకె ఏడు వందలు దాటింది. అగ్రిమెంటు గడువులో అప్పటికి సగానికి పైగా గడిచిపోయింది.

తరువాత జగ్గయ్యపేటలోని మరొక బ్యాంకుకు వెళ్ళాము. ఈసారి నా శ్రీమతిని సహదరఖాస్తుదారుగా చేర్చాము. ఆమె జన్మలో అప్పు చేయలేదు. చిత్రమేమంటే, అప్పు ఎరుగనివారికి అంకె ఉండదు. అదికూడ ఒక లోపంగానే పరిగణింపబడుతుంది! చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి అప్పు కోరేవారిని తిరస్కరించరాదని 2025 జనవరి 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నవి. ఆ సంగతి మేము వినయంగా విన్నవించాము. రెండు కిస్తీల ఆలస్యాన్ని దాచలేదు. జీతం జమకాని మూడునెలల బ్యాంకు పుస్తకం పుటలు జతచేసి ఒక పుట లేఖ వ్రాశాను. మేనేజరుగారు ఆ లేఖను రెండుసార్లు చదివారు. “కారణం కాగితంమీద ఉంటే పైవారికి వ్రాయడానికి నాకూ వీలుంటుంది మాస్టారూ” అన్నారు. నివేదికలో లేని గడిని ఒక మనిషి పూరించడమంటే ఇదే.

లింకు దస్తావేజులు, ముప్పయ్యేళ్ళ ఈ.సి., ప్లాను మంజూరు, లాయరుగారి అభిప్రాయం అన్నీ చూచి పదిహేడు లక్షలు మంజూరు చేశారు. నేను కోరినదానికి మూడు లక్షలు తక్కువ. వడ్డీ అర శాతం ఎక్కువ. లోటును పూడ్చింది చీటీ. సహోద్యోగులతో వేస్తున్న మూడు లక్షల చీటీని యాభైవేలు వదులుకొని పాడుకొన్నాను. మిగిలినది నా శ్రీమతి పొదుపు. విచారింపదగిన విషయమేమంటే, నెల తప్పకుండా కట్టిన ఆ చీటీ గాని, ఏనాడూ ఆలస్యం చేయని ఇంటి అద్దె గాని నా నివేదికలో ఎక్కడా లేవు. మన నడవడిలో సగభాగం ఆ లెక్కకు అందదు. గడువుకు ఎనిమిది రోజుల ముందు రిజిస్ట్రేషను జరిగింది. మూడవ వారంలో అమ్మ ఆదోనినుండి వచ్చేసింది.

ఈ వ్యవహారంలో తెలుగు అధ్యాపకునికి దొరికిన చిన్న వినోదం ఒకటున్నది. ఉర్దూలో ‘తన్‌ఖ్వాహ్’ అంటే జీతం. తెలుగులో ‘తనఖా’ అంటే కుదువ. తన్‌ఖ్వాహ్ చూపించి ఇల్లు తనఖా పెట్టాను! దస్తావేజు ఫారసీ, కిస్తీ, బాకీ, వసూలు, జామీను అరబ్బీనుండి వచ్చినవి. ‘అసలు’ అరబ్బీ అయితే, ‘వడ్డీ’ సంస్కృత ‘వృద్ధి’కి వికృతి. అసలూ వడ్డీ కలిసి తీర్చవలసిన అప్పులో ఏ భాషకూ మినహాయింపు లేదు.

విద్యార్థిమిత్రులారా! ఇరవై లక్షల అప్పును ఇరవై ఏళ్ళలో తీర్చదలిస్తే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి నెలకు సుమారు 17,356 రూపాయలు, తొమ్మిదిన్నర శాతానికి 18,643 రూపాయలు అవుతుంది. ఒక్క శాతం తేడా మొత్తంమీద మూడు లక్షలు దాటుతుంది. అందుచేత మొదటి ఉద్యోగంలో చేరిననాటినుండే ఏడాదికొకసారి మీ నివేదికను తెప్పించి చదవండి. పేరును అన్ని కాగితాలలో ఒకే తీరున వ్రాయించండి. అప్పు తీరగానే బాకీ లేదన్న పత్రం తీసికొని భద్రపరచండి. ఎవరికైనా జామీను నిలిచేముందు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పు తీసికొన్నవానితో సమానమని గ్రహించండి. మొదట హెచ్చు వడ్డీకి అప్పు దొరికినా నిరుత్సాహం వద్దు. మారే వడ్డీపై వ్యక్తులు తీసికొన్న గృహఋణాన్ని ముందుగా తీర్చినందుకు అపరాధరుసుము వేయరాదు. కనుక అంకె మెరుగైన తరువాత తక్కువ వడ్డీ ఇచ్చేచోటికి దానిని మార్చుకోవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటున్నది. ఆ అంకెను మీ వ్యక్తిత్వానికి కొలతగా భావించకండి. అట్లని నిర్లక్ష్యం చేయకండి. అది మీరు లేనిచోట మిమ్మల్ని గూర్చి చెప్పే సాక్ష్యం. సాక్షి పొరబడితే సరిదిద్దే హక్కు మీకున్నది. సాక్షి సగమే చెబితే మిగిలిన సగాన్ని చెప్పే నోరు మీకున్నది. చదువుకొన్నవానికి ఈ రెండింటినీ వినియోగించుకొనే శక్తి ఉండాలి. ఊరు మారినా పరపతిని నిలబెట్టుకొనే మార్గం అదే.