ఎండ ఉంది కదా, కరెంటు ఎందుకు లేదమ్మా?



గత నెల మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో చిన్న వాదన జరిగింది. పాత జనరేటర్ మొరాయిస్తోంది. దాని బదులు ఇంకా పెద్దది కొనాలా, లేక టెర్రస్ మీద 10 కిలోవాట్ల సోలార్ పెట్టించి లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల బిల్లు తగ్గించుకోవాలా అన్నది ప్రశ్న. "ఇప్పుడు కరెంటు బాగానే ఉంటోంది కదండీ, అంత డబ్బు ఇప్పుడెందుకు? అవసరం వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు ఒక పెద్దాయన. ఆయన్ని తప్పు పట్టలేం. జూన్‌లో అందరం స్కూలు ఫీజులు కట్టిన వాళ్లమే. కానీ "అవసరం వచ్చినప్పుడు చూద్దాం" అన్న మాట చెవిన పడగానే నా గుండె ఒక్కసారి కలుక్కుమంది. సరిగ్గా అదే మాట ఒకప్పుడు నేనూ అన్నాను. ఎక్కడ, ఎవరితో అన్నానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మావారి ఉద్యోగరీత్యా 2019 నుంచి 2022 చివరి దాకా మేం కొలంబోలో ఉన్నాం. దెహివలలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో పై అంతస్తు మాది. కింద ఆవిడ, ఆవిడ మనవరాలు ఉండేవారు. మా అమ్మాయి ఆవిడను ఆంటీ అంటే నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడేమో నన్ను "దువ" అనేవారు. సింహళంలో కూతురని అర్థం.

ఆంటీ వాళ్ల డాబా మీద సోలార్ పలకలు ఉండేవి. 2016లో అక్కడి ప్రభుత్వం "సూర్య బల సంగ్రామయ" అని ఒక పథకం మొదలుపెట్టింది. ఇళ్లమీద తయారైన కరెంటును విద్యుత్ బోర్డు కొనుక్కుంటుంది, లేదా బిల్లులో సర్దుతుంది. ఆంటీ రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత అందులో పెట్టారు. 2020 ఆగస్టులో ఒకరోజు దేశమంతటా కొన్ని గంటలపాటు కరెంటు పోయింది. ఆ మర్నాడే ఆవిడ పైకొచ్చి, "దువ, పలకలకు బ్యాటరీ పెట్టిద్దామా? ఖర్చు చెరిసగం వేసుకుందాం, మీ వాటా అద్దెలో తగ్గిస్తాను" అన్నారు. నేను మావారితో మాట్లాడి, "ఎప్పుడో ఒకసారి పోయే కరెంటుకు అంత ఖర్చెందుకు ఆంటీ, అవసరం వస్తే అప్పుడు చూద్దాం" అని చెప్పాను. ఆవిడ నవ్వి కిందికి వెళ్లిపోయారు.

ఏడాదిన్నర తిరగకుండానే ఆ అవసరం వచ్చింది.

2022 మొదట్లోనే శ్రీలంక దగ్గర డాలర్లు అయిపోయాయి. కారణాలు చాలా ఉన్నాయి. విదేశీ అప్పులు పేరుకుపోయాయి. 2019 చివర్లో పన్నులు బాగా తగ్గించారు. కోవిడ్‌తో పర్యాటకులు ఆగిపోయారు. డాలర్లు లేకపోతే కరెంటు ఎందుకు పోవాలని మొదట్లో నాకూ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. అక్కడ కరెంటులో పెద్ద భాగం కొండ ప్రాంతపు జలాశయాల నుంచి వస్తుంది. మిగతాది బొగ్గు, డీజిల్, ఫర్నేస్ ఆయిల్ మండించి తీస్తారు. ఆ మూడూ బయటి నుంచి కొనాల్సినవే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వానలుండవు, జలాశయాల్లో నీళ్లు తగ్గాయి. నీళ్లు లేనప్పుడు ఆదుకోవాల్సిన డీజిల్‌కేమో డబ్బు లేదు.

మార్చి 31న 13 గంటలు కరెంటు కోత పెట్టారు. వీధిలైట్లు ఆర్పేశారు. మన దేశం అప్పు మీద 40 వేల టన్నుల డీజిల్ పంపితే ఆ ఓడ గురించి వీధిలో అందరూ పండగలా మాట్లాడుకున్నారు. కాగితం కొనడానికి డబ్బుల్లేక కొలంబో ఉన్న రాష్ట్రంలో టర్మ్ పరీక్షలు వాయిదా వేశారు. అప్పులు తీర్చలేమని ఏప్రిల్ 12న ప్రభుత్వమే ప్రకటించింది. డాలరు 200 రూపాయల నుంచి మే నాటికి 360 దాకా వెళ్లింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, ఆన్‌లైన్ క్లాసు మధ్యలో కరెంటు పోయింది. అప్పుడు ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి చెమటలు కక్కుతూ డాబా మీదికెళ్లి ఆ పలకలు చూసొచ్చి అడిగింది: "ఎండ ఉంది కదా, కరెంటు ఎందుకు లేదమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. ఆంటీయే చెప్పారు. గ్రిడ్‌కు కలిపిన సోలార్, గ్రిడ్‌లో కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది. లేకపోతే లైన్ మీద పనిచేసే వాళ్లకు షాకు కొడుతుంది. బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ ఉంటేనే ఆ ఎండ మన ఇంటి వరకైనా పనికొస్తుంది. ఆవిడ అంతవరకే చెప్పారు. రెండేళ్ల కిందటి మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదనిపించింది. అప్పటికప్పుడు మావారు బ్యాటరీ కోసం నాలుగు షాపులు తిరిగారు. పాత ధరకు రెట్టింపు ఇస్తామన్నా సరుకు లేదు.

గ్యాస్ కూడా అంతే. ఖాళీ సిలిండర్లను గొలుసుతో కట్టి రాత్రంతా లైన్లో పెట్టేవాళ్లం. దొరకనప్పుడు వీధిలో చాలామంది కట్టెల పొయ్యి వెలిగించారు. ఆంటీ వాళ్ల పెరట్లోనూ ఒకటి వెలిసింది. ఎప్పుడూ చెట్లు, మొక్కలు అంటూ ఉండే ఆవిడే ఎండిన కొమ్మలు ఏరుకొచ్చి వంట చేశారు. పొగకు కళ్లు తుడుచుకుంటూ, "పొయ్యి వెలగనప్పుడు ఏది మంచి ఇంధనమని అడిగే తీరిక ఉండదు దువ" అన్నారు.

జూలైలో స్కూళ్లు మూసేశారు. బస్సులకు డీజిల్ లేదు, టీచర్లు రాలేరు. తెరిచాక కూడా కొన్నాళ్లు వారానికి మూడు రోజులే నడిపారు. పెట్రోలుకు క్యూఆర్ కోడ్ పెట్టి, కారుకు వారానికి 20 లీటర్లు, బైకుకు 4 లీటర్లు అన్నారు. అందరూ సైకిళ్ల వెంట పడ్డారు. కాలుష్యం తగ్గించాలని కాదు, వేరే దారి లేక.

ఈ కష్టాలు చూసి "ముందు కడుపు నిండాలి, పర్యావరణం తర్వాత" అనేవాళ్లు ఉన్నారు. అక్కడ పర్యావరణం పేరుతో జరిగిన పొరపాటు కూడా ఒకటుంది. 2021లో ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. నేల బాగుపడుతుందన్నారు. డాలర్లు మిగులుతాయన్న ఆశ కూడా ఉంది. రైతుకు తగినంత సేంద్రియ ఎరువు అందలేదు, అలవాటు పడే సమయమూ ఇవ్వలేదు. వరి దిగుబడి పడిపోయింది. నవంబరులో నిషేధం ఎత్తేసినా ఆ పంటకు అప్పటికే ఆలస్యమైంది. ఆ తర్వాత బియ్యం కొనడానికి డాలర్లు కావాల్సి వచ్చింది.

కానీ ఇంకో సంగతి కూడా చూడాలి. ట్రింకోమలీ దగ్గర సంపూర్‌లో మన దేశపు సంస్థ భాగస్వామ్యంతో 500 మెగావాట్ల బొగ్గు ప్లాంటు కట్టాలని ముందు అనుకున్నారు. 2016లో దాన్ని రద్దు చేశారు. బొగ్గు వద్దనడం మంచిదే. కానీ దాని బదులు రావాల్సినవి చాలినంతగా రాలేదు. మన్నార్‌లో సుమారు 100 మెగావాట్ల గాలిమరల ప్లాంటు 2020 డిసెంబరుకు గానీ ప్రారంభం కాలేదు. అదే సంపూర్‌లో సోలార్ ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఈ మధ్యలో లోటు పూడ్చింది ఎక్కువగా దిగుమతి చేసుకున్న ఇంధనమే. పైగా ఏళ్ల తరబడి కరెంటు ఛార్జీలు పెంచలేదు. జనానికి హాయిగానే ఉంది. బోర్డు మాత్రం అప్పుల్లో కూరుకుపోయింది. చివరికి 2022 ఆగస్టులో ఒకేసారి సగటున 75 శాతం పెంచారు.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఒకటే. పర్యావరణమా, డబ్బా అన్న ప్రశ్న సంక్షోభం వచ్చాక అడిగితే దానికి మంచి జవాబు ఉండదు. డబ్బు ఉన్నప్పుడు, తొందర లేనప్పుడు కొద్దికొద్దిగా మార్చుకుంటేనే రెండూ దక్కుతాయి. చేతిలో డబ్బు లేనప్పుడు తీసుకునేవాటిని నిర్ణయాలనడం కూడా తప్పే. ఏది దొరికితే అది వాడుకోవడమే.

మావారి కాంట్రాక్టు ముగిసి 2022 డిసెంబరులో విజయవాడ వచ్చేశాం. నెల తిరక్కుండానే, అంటే 2023 జనవరి 23న, ఆంటీ మనవరాలికి ఏ-లెవెల్ పరీక్షలు మొదలయ్యాయి. మన ఇంటర్ రెండో సంవత్సరం లాంటివి. అక్కడ యూనివర్సిటీ సీటు వాటి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ రోజుల్లో రోజుకు 2 గంటల 20 నిమిషాల కోత ఉండేది. పరీక్షలు అయ్యేదాకా కోతలు ఆపమని మానవ హక్కుల కమిషన్ చెప్పింది. ఇంధనం కొనే డబ్బు లేదని విద్యుత్ బోర్డు అంది. కోతలు కొనసాగాయి. ఆ అమ్మాయి ఫోన్లో నాతో మాట్లాడుతూ, "ఫర్వాలేదు ఆంటీ, కొవ్వొత్తి దగ్గర కెమిస్ట్రీ చదివేస్తున్నా" అని నవ్వింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు ఏ పనీ తోచలేదు. ఆ రోజు డాబా మీద ఒక బ్యాటరీ ఉంటే ఆ పిల్లకు ఒక ట్యూబులైటు, ఒక ఫ్యాను తిరిగేవి. వద్దన్నది నేనే.

ఫిబ్రవరిలో ఛార్జీలు మళ్లీ 66 శాతం పెంచారు, కోతలు ఆగిపోయాయి. అప్పటికి ఆమె పరీక్షలు దాదాపు అయిపోయాయి.

మనది అంత చిన్న దేశం కాదు, మనకు సింగరేణి ఉంది, మనకెందుకు ఆ గతి పడుతుంది అనుకోవచ్చు. నిజమే, మనం ఆ స్థితిలో లేం. కానీ 2012 వేసవి ఎవరైనా మరిచిపోయారా? ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, ఇళ్లలో గంటల కొద్దీ కోతలు. మన దేశం వాడే ముడిచమురులో 80 శాతానికి పైగా ఇప్పటికీ దిగుమతే. ఎక్కడో యుద్ధం మొదలైతే ఆ వేడి మన ఇంటి ఖర్చుల దాకా వస్తుంది.

మళ్లీ మా మీటింగు దగ్గరికొస్తాను. కొలంబో కథ అంతా చెప్పలేదు గానీ, బ్యాటరీ సంగతి, కొవ్వొత్తి సంగతి చెప్పాను. తర్వాత లెక్కలు చూశాం. లీటరు డీజిల్‌కు జనరేటర్ ఇచ్చేది మూడు, మూడున్నర యూనిట్లు. 10 కిలోవాట్ల సోలార్ మన ఎండకు రోజుకు సగటున 40 యూనిట్ల దాకా ఇస్తుంది. పీఎం సూర్య ఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. మాకు వచ్చిన కొటేషన్ ఐదున్నర లక్షలు. సబ్సిడీ 1,80,000 పోతే 40 ఫ్లాట్లకు తలా 9,250. కరెంటు పోతే సోలార్ ఒక్కటే లిఫ్టును నడపదన్న సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆ విషయం ముందే తెలియకపోతే తర్వాత సోలార్‌నే తిడతాం.

చివరికి పెద్ద జనరేటర్ ఆలోచన మానేశాం. పాతదాన్నే రిపేరు చేయించి, సోలార్ డబ్బు మూడు వాయిదాల్లో వసూలు చేయాలని తీర్మానించాం. ఆరుగురు ఒప్పుకోలేదు. ఇద్దరు ఈ ఏడాది కట్టలేమన్నారు, వాళ్ల వాటా ప్రస్తుతానికి కార్పస్ ఫండ్ నుంచి పెడుతున్నాం. మొదట వద్దన్న పెద్దాయనే ఇప్పుడు కొటేషన్లు బేరమాడుతున్నారు.

అందరూ సోలార్ పెట్టించుకోండని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎవరి ఇల్లు వారిది, ఎవరి లెక్క వారిది. ఒక్క పని మాత్రం చేసి చూడండి. ఈ నెల కరెంటు బిల్లు రాగానే మీ పిల్లల చేతికివ్వండి. యూనిట్లు ఎన్ని, ఏ స్లాబు, నిరుడు ఇదే నెల ఎంత అని వాళ్లనే లెక్క కట్టమనండి. ఏసీ ఒక గంట తగ్గిస్తే ఎంత మిగులుతుందో వాళ్లే చెబుతారు. ఇప్పుడు పదో తరగతికి వచ్చిన మా అమ్మాయి ప్రతి ఆదివారం మీటరు రీడింగ్ క్యాలెండర్ మీద రాస్తోంది. రాయమని మేం చెప్పలేదు.

కొలంబోలో ఆంటీ పోయిన సంవత్సరం బ్యాటరీ పెట్టించారు. ఫోటో పంపిస్తే, "ఇప్పుడు కోతలు లేవు కదా ఆంటీ" అన్నాను. "అందుకే కదా దువ, ఇప్పుడు పెట్టించింది" అన్నారు.

— పదో తరగతి విద్యార్థిని తల్లి, విజయవాడ