వెనక బ్రేకులు అరిగాయంటే... నాలుగు అంకెలు అడగండి

కొత్త కారుకి ముందు బ్రేకుల కంటే వెనక బ్రేకులే తొందరగా అరిగితే అది మామూలేనా, లేక ఎక్కడో తేడా ఉన్నట్టా? మొన్నటిదాకా ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే గూగుల్ చెయ్యమనేవాణ్ని. మొన్న సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చాక అది నా ప్రశ్నే అయింది.

నా కారు కొని రెండున్నరేళ్లయింది. 24 వేల కిలోమీటర్లు తిరిగింది. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులే. సర్వీస్‌కి ఇచ్చిన రోజు మధ్యాహ్నం అడ్వైజర్ ఫోన్ చేశాడు. "సర్, రియర్ ప్యాడ్స్ అయిపోయాయి. డిస్కులు కూడా మార్చేస్తే బెటర్. మొత్తం 14,200 అవుతుంది. అప్రూవ్ చేస్తారా?" ముందు ప్యాడ్స్ సంగతేంటని అడిగితే, "అవి బాగానే ఉన్నాయి సర్" అన్నాడు.

ఇంట్లో చెప్తే నాన్న నమ్మలేదు. "వెనకవి ముందు అరగడమేంట్రా? మన మారుతీ 800కి వెనక డ్రమ్ముల జోలికి ఎప్పుడైనా వెళ్లామా?" అన్నాడు. ఆయన అనుభవం ప్రకారం అది మోసమే. నాకు మాత్రం అంత తేలిగ్గా తేల్చెయ్యాలనిపించలేదు. ఎందుకంటే తర్వాతి శుక్రవారం అమ్మానాన్నల్ని, నాయనమ్మని తీసుకుని శ్రీశైలం వెళ్లాలి. మన్ననూరు దాటాక నల్లమల అడవి. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో బ్రేకుల మీద అనుమానం పెట్టుకుని కారు నడపలేం. అలాగని అడ్వైజర్ అన్నాడు కదా అని 14 వేలు కట్టేసినా అనుమానం తీరదు. అసలు ఎందుకు అరిగాయో తెలియాలి.

నాన్న మాటలో సగం నిజముంది. ఆర్టీసీ బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవర్ సడన్ బ్రేక్ వేస్తే అందరం ముందుకే తూలుతాం. కారు బరువు కూడా అంతే, బ్రేక్ వెయ్యగానే ముందు చక్రాల మీదకి వాలుతుంది. వెనక చక్రాల మీద బరువు తగ్గితే రోడ్డు మీద వాటి పట్టు కూడా తగ్గుతుంది. అందుకే ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకులే చేస్తాయి. పాత కార్లలో వెనకవి ఏళ్ల తరబడి రావడానికి కారణం అదే.

కొత్త కార్లలో లెక్క కాస్త మారింది. ముందుకీ వెనక్కీ బ్రేక్ ఎంతెంత పంచాలో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. దాన్నే ఈబీడీ అంటారు. మనం తేలిగ్గా బ్రేక్ తొక్కినప్పుడు అది వెనక చక్రాలకి కూడా బాగానే పని చెప్పగలదు. కారు జారకుండా చూసే ఈఎస్‌సీ, ముందు బండిని చూసి తనంతట తానే వేగం తగ్గించే క్రూజ్ కంట్రోల్ లాంటివి కూడా అవసరమైతే మనం తొక్కకుండానే బ్రేకులు వాడతాయి. పైగా చాలా కార్లలో వెనక ప్యాడ్లు కొత్తగా ఉన్నప్పుడే ముందువాటి కంటే పల్చగా ఉంటాయి. ముందు చక్రాలు ఎగజిమ్మే బురద, ఇసుక వెళ్లి పడేదీ వెనకే. అందుకని వెనకవి ముందే అరిగాయన్న ఒక్క కారణంతో మోసమని అనలేం, లోపమనీ అనలేం.

మరి ఎలా తేల్చాలి? నేను అడ్వైజర్‌ని ఒక్కటే అడిగాను. "వెనక ఉన్న నాలుగు ప్యాడ్లూ కొలిచి విడివిడిగా చెప్పండి. లోపలిది, బయటిది, కుడి, ఎడమ. ఇనుప ప్లేటు కలపకుండా, అరిగే మెటీరియల్ ఎంతుందో మాత్రమే కావాలి." ఆ చివరి మాట ముఖ్యం. ప్లేటుతో కలిపి కొలిస్తే అరిగిపోయిన ప్యాడ్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

సాయంత్రం నేనే వెళ్లాను. టెక్నీషియన్ నా ముందే కొలిచాడు. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో రికార్డ్ మార్కుల కోసం పట్టుకున్న వెర్నియర్ కాలిపర్స్‌ని నిజమైన పని కోసం చూడటం నాకు అదే మొదటిసారి. స్టోర్‌లో ఉన్న కొత్త ప్యాడ్ కొలిస్తే 9 మిల్లీమీటర్లు ఉంది. నా కారువి ఇలా ఉన్నాయి:

ఎడమ బయటిది 5.5, ఎడమ లోపలిది 5.
కుడి బయటిది 6, కుడి లోపలిది 2.5.

విషయమంతా ఈ నాలుగు అంకెల్లోనే ఉంది. ఎడమ వైపు చూడండి. లోపలి ప్యాడ్ 24 వేల కిలోమీటర్లలో 4 మిల్లీమీటర్లు అరిగింది, అంటే 6 వేలకి ఒక మిల్లీమీటరు. సాధారణంగా 3 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మార్చే ఏర్పాటు చేసుకోవాలి, 2 కంటే తగ్గనివ్వకూడదు. ఆ లెక్కన ఎడమ వైపు ఇంకో 12 వేల కిలోమీటర్లు వచ్చేది. లోపలికీ బయటికీ అర మిల్లీమీటరు తేడా పెద్ద విషయం కాదు. ఇది మామూలు అరుగుదల.

కుడి వైపు సంగతి వేరు. ఒకే చక్రం, ఒకే డిస్క్, ఒకే పెడల్. అయినా లోపలి ప్యాడ్‌కీ బయటి ప్యాడ్‌కీ 3.5 మిల్లీమీటర్ల తేడా. ఇది నా డ్రైవింగ్ వల్లో, ట్రాఫిక్ వల్లో వచ్చేది కాదు. వాటివల్లే అయితే రెండూ కలిసి అరగాలి కదా.

మామూలు కార్లలో కాలిపర్‌కి పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది ముందు లోపలి ప్యాడ్‌ని డిస్క్‌కి నొక్కుతుంది. ఆ వెంటనే కాలిపర్ మొత్తం రెండు స్లైడ్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని కూడా అటునుంచి లాక్కొస్తుంది. ఆ పిన్ను బిగుసుకుపోతే కాలిపర్ జరగదు. లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేస్తూ, పెడల్ వదిలాక కూడా పూర్తిగా వెనక్కి రాకుండా డిస్క్‌ని రాసుకుంటూ అరిగిపోతుంది. విప్పి చూస్తే అదే జరిగింది. కుడి వైపు పిన్ను రబ్బరు బూటు చిరిగి, నీళ్లు చేరి, గ్రీజు ఎండిపోయి, తుప్పు పట్టింది.

అంటే ప్యాడ్లు మార్చాలన్న అడ్వైజర్ మాట నిజమే. కానీ ఆ పిన్నుని పట్టించుకోకుండా కొత్త ప్యాడ్లు వేసి పంపితే, మళ్లీ అదే ప్యాడ్ అదే వేగంతో అరిగేది. అలాంటి కారుతోనే నేను నాయనమ్మని ఘాట్ రోడ్డు ఎక్కించేవాణ్ని.

డిస్కుల సంగతి కూడా కొలిచే తేల్చాం. డిస్క్ మీదే కనీస మందం అచ్చువేసి ఉంటుంది. నాదాని మీద 8 మిల్లీమీటర్లు అని ఉంది. కొలిస్తే 9.6. లోతైన గీతల్లేవు, అంచున చిన్న గట్టు మాత్రమే ఉంది. కాబట్టి డిస్కులు మార్చలేదు. రెండు వైపులా కొత్త ప్యాడ్లు, పిన్నులు శుభ్రం చేసి కొత్త గ్రీజు, చిరిగిన బూటు స్థానంలో కొత్తది. ప్యాడ్లు ఎప్పుడూ రెండు చక్రాలకీ కలిపే మార్చాలి, లేకపోతే బ్రేక్ ఒక వైపు లాగుతుంది. బిల్లు 5,600 అయింది.

బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కారైతే ఒక జాగ్రత్త. వెనక ప్యాడ్లు మార్చే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అలా కాకుండా పిస్టన్‌ని బలవంతంగా వెనక్కి నెడితే లోపలి మెకానిజం పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇంటి దగ్గర మనమే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. అల్లాయ్ చువ్వల సందులోంచి ఫోన్ టార్చ్ వేస్తే బయటి ప్యాడ్ కనిపిస్తుంది. అయితే నా కారులో బాగున్నది బయటిదే, అరిగింది లోపలిది. కాబట్టి టార్చ్‌తో చూసి నిశ్చింతగా ఉండిపోకండి. కాసేపు నడిపి ఆపాక రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. ఒకటి రెండోదాని కంటే బాగా వేడిగా ఉంటే ఆ వైపు బ్రేక్ పట్టేస్తోందేమో చూపించండి. వాన పడిన మర్నాడు డిస్క్ మీద కనిపించే ఎర్ర తుప్పు నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది, దానికి కంగారు అక్కర్లేదు. ఆగకుండా కీచుమంటుంటే ప్యాడ్ చివరికొచ్చిందేమో చూపించాలి. గరగరమని ఇనుము రాసుకునే చప్పుడొస్తే మాత్రం ఇక నడపొద్దు. బ్రేక్ ఆయిల్ కొద్దికొద్దిగా తగ్గుతుంటే ప్యాడ్లు అరుగుతున్నాయేమో చూడాలి, ఊరికే నింపేసి వదిలెయ్యకూడదు. ఒక్కసారిగా తగ్గితే లీకేజీ అయ్యుండొచ్చు.

వెనక డ్రమ్ములున్న కారైతే బయటి నుంచి ఏమీ కనిపించదు. సర్వీస్‌లో డ్రమ్ము విప్పి చూశారా అని అడగాల్సిందే. హ్యాండ్‌బ్రేక్ లివర్ మునుపటి కంటే ఎక్కువ పైకి వస్తుంటే అది కూడా చెప్పండి. ఎలక్ట్రిక్ కార్లలో సమస్య ఇంకోలా ఉంటుంది. వేగాన్ని చాలావరకు మోటారే తగ్గించడంతో బ్రేకులకి పని తక్కువ. వాడక తగ్గి తుప్పు పట్టే అవకాశం ఉంది కాబట్టి వాటినీ విప్పి చూడాలి.

శ్రీశైలం వెళ్లొచ్చాం. దిగేటప్పుడు నాన్న పక్కన కూర్చుని "ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి" అని పాత డ్రైవర్ల సూత్రం గుర్తుచేశాడు. అది ఇప్పటికీ సరైనదే. గేరు తగ్గిస్తే ఇంజినే కారుని ఆపి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు. వెనక సీట్లో నాయనమ్మ డ్యామ్ వచ్చేదాకా నిద్రపోయింది.

తర్వాత 5 వేల కిలోమీటర్లకి మళ్లీ కొలిపించాను. ఎడమ 8.3, 8.2. కుడి 8.3, 8.2. పిన్ను కదులుతోంది, నాలుగూ కలిసి అరుగుతున్నాయి. ఫోన్ నోట్స్‌లో తేదీ, కిలోమీటర్లు, నాలుగు అంకెలు రాసుకున్నాను. అప్పుడు మొదటి సర్వీస్‌లోనే ఇలాంటి అంకెలు జాబ్ కార్డు మీద రాసిచ్చి ఉంటే, కుడి వైపు తేడా ఎప్పుడో బయటపడేది.

మీ కారుకీ సర్వీస్ దగ్గర పడితే, "బ్రేకులు ఎలా ఉన్నాయి?" అని మాత్రం అడగకండి. "బాగానే ఉన్నాయి", "అయిపోయాయి" తప్ప వేరే జవాబు రాదు. నాలుగు అంకెలు రాసివ్వమనండి. చక్రాలు ఎలాగూ విప్పుతారు, కొలవడానికి ఐదు నిమిషాలు చాలు.