గట్టు మీద తంగేడు

ఎంగిలిపూల బతుకమ్మ దగ్గరపడితే మా వైపు అందరికీ తంగేడు గుర్తొస్తుంది. సద్దుల బతుకమ్మ సాగిపోయాక ఎవరికీ గుర్తుండదు. 2014లో తెలంగాణ దీన్ని రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. అయినా పట్నాల చుట్టూ గట్లూ బీళ్లూ ప్లాట్లయిపోతుంటే, పువ్వు కోసం ఏటా మరికొంచెం దూరం పోవాల్సి వస్తోంది. బంతిని రైతులు పండిస్తారు. తంగేడు మాత్రం దానంతట అదే మొలిచి, అదే పూయాలని మన లెక్క. మనమే నాటాలని నేనంటాను.

నాటడానికి గింజే మేలు. కాయలు చెట్టు మీదే ఎండి గోధుమరంగుకు తిరిగాక కోసుకోవాలి. గింజ పైపొర గట్టిది, నీటిని లోపలికి పోనివ్వదు. గరుకు కాగితం మీద కాస్త రుద్ది, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉబ్బినవాటిని ఏరుకోవాలి. మృగశిర వానలు పడగానే, చెట్టు ఎక్కడ ఉండాలనుకుంటామో అక్కడే పెట్టాలి. తల్లివేరు లోతుకు దిగే జాతి ఇది, చోటు మారిస్తే ఓర్చుకోదు. గుట్ట మీది పెద్ద మొక్కను పెకిలించి తెచ్చుకుంటే ఇక్కడ బతకదు, అక్కడా ఉండదు. దయచేసి ఆ పని చేయకండి.

రోజంతా ఎండ తగిలే గరుసు నేల చాలు. మొదటి వేసవిలో అప్పుడప్పుడు చెంబెడు నీళ్లు పోయాలి. తర్వాత మన చేతిని మనమే ఆపుకోవాలి. పాదులో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. ఎరువు అక్కర్లేదు.

పూత మొదలయ్యాక పొద్దున్నే పక్కన నిలబడి చూడండి. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి ఒక్కటే. అదీ ఊరికే రాలదు. కేసరాల కొసన ఉప్పుడబ్బా మూతకున్నట్టు సన్నని రంధ్రాలుంటాయి. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కరుచుకుని ఒళ్లంతా ఝుమ్మని అదిరిస్తుంది. అప్పుడే పొడి బయటికి చిమ్ముతుంది. పొట్టి కేసరాలది తుమ్మెద మేత. పొడుగు కేసరాలది దాని ఒంటికి అంటుకుని ఇంకో పువ్వును చేరుతుంది. ఈ ఏర్పాటు తెలిసిన నాటి నుంచీ తంగేడు కనిపిస్తే దాటి పోలేకపోతున్నాను.

ఆకుల మీద పచ్చని గొంగళిపురుగులు కనిపిస్తే మందు కొట్టొద్దు. వాటిలో చాలావరకు తెల్లని సీతాకోకచిలుకల పిల్లలే. తిన్న ఆకు మళ్లీ చిగురిస్తుంది.

పండుగకు కోసేటప్పుడు కొమ్మలు విరవకుండా పూలగుత్తులనే తుంచుకోవాలి. కింది మొగ్గలు మరో వారానికి విచ్చుకుంటాయి. చెట్టుకు నాలుగైదు గుత్తులు కాయకట్టడానికి వదిలేయాలి. ఆ కాయలు ఎండాక గింజలు తీసుకుని, కొమ్మలను మూడోవంతు కత్తిరిస్తే వచ్చే వానలకు చెట్టు గుబురుగా లేస్తుంది. గింజల్లో సగం బడి ప్రహరీ వెంట చల్లుదాం, మిగతా సగం చెరువు గట్టుకు.