దుబాయిలో మా ఊరి ఫోను

మా కథలాపూర్ నుంచి, చుట్టుపక్కల కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎడారి దేశాలకు పనికి వెళ్ళినవాళ్ళు చాలామంది. మస్కట్టుకు పోయినా, సౌదీకి పోయినా, మా వైపు "దుబాయి పోయిండు" అనే అంటారు. నేను కొత్తగా ఉపాధ్యాయుడిగా చేరిన రోజుల్లో, బడి వదిలాక తల్లులు ఉత్తరాల కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. వాళ్ళు చెబుతుంటే నేను రాసేవాణ్ణి. జవాబు కోసం వారాల తరబడి ఎదురుచూడవలసిందే. కొందరు తమ మాటలను క్యాసెట్టులో పట్టి, సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు.

2023 డిసెంబరులో నేనే దుబాయి వెళ్ళాను. మా అబ్బాయి అక్కడ ఒక కార్యాలయంలో లెక్కలు చూస్తాడు. శంషాబాదులో విమానం ఎక్కితే సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఎక్కగానే వాళ్ళు చెప్పినట్టు ఫోను నోరు కట్టేశాను, దిగగానే విప్పాను. అది ఒక నిమిషం దిక్కులు చూసింది. తరువాత అక్కడి కంపెనీ పేరు కనిపించింది. స్వాగతం చెబుతూ ఒక మెసేజి వచ్చింది. గడియారం తనంతట తానే గంటన్నర వెనక్కు పోయింది. అంతలోనే మా ఇంటావిడ ఫోను: "చేరారా?" అని. ఆమె నొక్కినవి రోజూ నొక్కే పది అంకెలే!

నన్ను తీసుకుపోవటానికి తండ్రితో వచ్చిన మనవడికి పదేళ్ళు. "తాతా, నువ్వు ఇక్కడున్నావని నానమ్మ ఫోనుకు ఎలా తెలిసింది?" అని అడిగాడు. ముప్ఫయి అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి గదా, కారు ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను. మీరూ వినండి.

పదో తరగతి పరీక్షలకు ఒక ఊరి పిల్లలు మరొక ఊరి కేంద్రానికి వెళుతూ ఉంటారు. కథలాపూర్ పిల్లవాడు ఒకడు కోరుట్లలో పరీక్షకు వెళ్ళాడనుకోండి. అక్కడి హెడ్‌మాస్టరు వాణ్ణి ఎరగడు. హాల్‌టికెట్టు చూసి, "వీడు మీవాడేనా? కూర్చోబెట్టుకోనా?" అని కథలాపూర్ బడికి కబురు చేస్తాడు. ఇక్కడివారు రిజిస్టరు తిరగేసి "మావాడే" అని చెప్పి, వాడి పేరు పక్కన "ప్రస్తుతం కోరుట్లలో" అని రాసుకుంటారు. ఆ తరువాత ఎవరు వచ్చి వాణ్ణి అడిగినా తిన్నగా కోరుట్లకు పంపిస్తారు.

ఫోనులోని సిమ్ కార్డే ఈ హాల్‌టికెట్టు. మనం నొక్కే నంబరు గాక, సిమ్ములో మరొక పదిహేను అంకెల సంఖ్య ఉంటుంది. దానిలో మొదటి మూడు అంకెలు దేశానికి గుర్తు. మన దేశానికి 404, 405. దుబాయి ఉన్న యు.ఎ.ఇ.కి 424. నా సిమ్ములో 404 చూడగానే దుబాయి కంపెనీ "ఇది అతిథి" అని గ్రహించి, మన కంపెనీ కంప్యూటరును అడిగింది. ఊరికే మాట నమ్మటం ఉండదు. సిమ్ములో ఒక రహస్య సంఖ్య దాగి ఉంటుంది. అది మన కంపెనీకి తప్ప మరెవరికీ తెలియదు. మన కంపెనీ ఒక లెక్కనూ, దాని జవాబునూ దుబాయికి పంపుతుంది. ఆ లెక్కను సిమ్ము రహస్య సంఖ్యతో చేసి, అదే జవాబు చెబితేనే లోపలికి ప్రవేశం. రహస్య సంఖ్య మాత్రం బయటికి రానే రాదు. ఇదంతా జరగటానికి పట్టిన కాలమే నా ఫోను దిక్కులు చూసిన ఆ నిమిషం.

ఇలా ఒకరి అతిథులను మరొకరు ఆదరించే ఒప్పందం దేశాల మధ్య మొట్టమొదట 1992లో ఒక ఫిన్లండ్ కంపెనీకీ, ఒక బ్రిటన్ కంపెనీకీ కుదిరింది. మన దేశంలో అప్పటికి మొబైలు ఫోనే లేదు. 1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీకి మాట్లాడినదే ఇక్కడ మొదటి మొబైలు సంభాషణ.

సెలవు రోజున నా పాత శిష్యుడొకడు నన్ను చూడటానికి వచ్చాడు. వెంట మరొక ఊరివాడు. అతను వచ్చి వారమే అయింది. ఇంకా ఇంటి సిమ్ముతోనే ఉన్నాడు. నేనూ అతనూ ఒకే సోఫాలో కూర్చుని ఉండగా, మావాడు నా ఫోనుతో అతనికి ఫోను చేశాడు. కొన్ని క్షణాలకు అది మోగింది.

"ఈ మాట ఎంత దూరం పోయింది?" అన్నాను.

"మూరెడు!" అన్నాడు మనవడు.

మూరెడు కాదు, దాదాపు అయిదు వేల కిలోమీటర్లు! అతని నంబరు మన దేశానిది గనక, పిలుపు ముందు మన దేశానికి పోయింది. అక్కడి రిజిస్టరులో "ప్రస్తుతం దుబాయిలో" అని ఉండటం చేత మళ్ళీ వెనక్కు వచ్చింది. ఫుజైరాకూ ముంబాయికీ మధ్య సముద్రం అడుగున గాజు తీగలు ఉన్నాయి. గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. కాబట్టి అయిదు వేల కిలోమీటర్లకు సెకనులో నలభయ్యో వంతు చాలు. అయితే పోయే దారికి నేనూ, వచ్చే దారికి అతనూ విదేశీ ధర చెల్లించాము. మా కోడలు చాలాసేపు నవ్వింది.

శిష్యుడు మాత్రం నవ్వలేదు. "సార్, నా ఇంటి నంబరే పోయింది" అన్నాడు.

వాడు కట్టడాల పని చేస్తూ, సోనాపూర్‌లో కూలీల వసతిలో ఉంటాడు. ఊళ్ళో వాడి తల్లి బీడీలు చుడుతుంది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు గుర్తుపడుతుంది. కొడుకు నంబరు నోటికి వచ్చు. మాట్లాడాలనిపిస్తే ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. దుబాయిలో వాడి ఫోను మోగి ఆగేది. ఎత్తడు గనక ఖర్చు లేదు. తరువాత వాడే అక్కడి సిమ్ముతో పిలిచేవాడు. ఇలా ఉండగా, రెండు సిమ్ములు పట్టే ఆ ఫోను నీళ్ళలో పడి చెడింది. ఎవరో అమ్మిన పాత ఫోను కొన్నాడు. దానిలో ఒక సిమ్మే పడుతుంది. ఇంటి సిమ్మును పెట్టెలో దాచాడు.

2013లో మన దేశంలో వచ్చిన నిబంధన ఒకటి ఉంది. ముందుగా డబ్బు కట్టే నంబరును 90 రోజులు బొత్తిగా వాడకపోతే కంపెనీ తీసివేయవచ్చు. ఖాతాలో ఇరవై రూపాయలు ఉంటే మరికొంత గడువు దొరుకుతుంది. మావాడి ఖాతాలో అవీ లేవు. కొంతకాలానికి ఆ నంబరు మరొకరిది అయింది. ఇంటి బడిలోనే పేరు కొట్టేస్తే, కోరుట్లలో బల్ల ఎవరు చూపిస్తారు?

ఒక రాత్రి వాడి తండ్రికి గుండెలో నొప్పి వచ్చింది. తల్లి మిస్డ్ కాల్ ఇచ్చింది. తిరిగి పిలుపు రాలేదు. మళ్ళీ ఇచ్చింది. మూడోసారి ఎవరో ఎత్తి హిందీలో కసిరారు. ఇరుగుపొరుగువారే ఆటోలో ఆయనను కోరుట్ల ఆస్పత్రికి చేర్చారు. ఆయన బతికాడు. కొడుక్కు సంగతి తెల్లవారాక తెలిసింది. డబ్బు పంపుదామంటే మరో చిక్కు. ఊళ్ళో బ్యాంకు ఖాతాలో వాడి డబ్బు ఉంది గాని, బ్యాంకు పంపే ఓటీపీ పోయిన నంబరుకే పోతుంది. తోటి పనివాళ్ళ దగ్గర అప్పు చేశాడు.

"ముందే నన్ను అడిగితే చెప్పేవాణ్ణి గదరా" అన్నాను. అన్నాను గాని, నా తెలివి ఏపాటిది? పది రోజులకని నేను కొనుక్కున్న ఇంటర్నెట్టు తొలి రాత్రే అయిపోయింది. నేను నిద్రపోతుంటే ఫోను తనంతట తానే నా ఫోటోలన్నింటినీ ఎక్కడికో ఎక్కించి దాచుకున్నది. ఆ మీటను ఆపటం నాకు నేర్పినది మనవడు.

వేసవిలో శిష్యుడు సెలవు మీద వచ్చాడు. కోరుట్లలో కొత్త సిమ్ము తీసుకుని, బ్యాంకుకు వెళ్ళి నంబరు మార్పించాడు. రెండు సిమ్ములు పట్టే ఫోనూ కొన్నాడు. రీఛార్జి చేయించే పని చెల్లెలికి అప్పగించి వెళ్ళాడు.

వాడు వెళ్ళిన మర్నాడు నేను వాళ్ళ ఇంటికి పోయాను. తల్లి గడప దగ్గర బీడీలు చుడుతూ కొత్త నంబరు వల్లె వేస్తున్నది. గోడ మీద సుద్దతో పెద్ద అంకెలు రాసి, చూడకుండా చెప్పమన్నాను. నాలుగు అంకెలు సరిగానే చెప్పింది. అయిదో అంకె నుంచి పాత నంబరు వచ్చేసింది.

"ఆగుండ్రి సార్, మళ్ళ చెప్త" అని, చేతిలోని తునికాకును చాటలో పెట్టి, గోడకు వీపు తిప్పి కూర్చున్నది.